పైన పటారం, కింద తుప్పు

అక్టోబరు వచ్చిందంటే చాలు, ఇక్కడ మిషిగన్‌లో మనవాళ్ల గ్రూపుల్లో రెండు ప్రశ్నలు మొదలవుతాయి. ఒకటి, ఈసారి దీపావళి ఎవరింట్లో? రెండు, చలికాలం వస్తోంది కదా, కారుకి ఏ వ్యాక్స్ మంచిది? మొదటి ప్రశ్నకి జవాబు తేలడానికి మూడు వారాలు పడుతుంది. రెండో ప్రశ్నకి అరగంటలో ఇరవై జవాబులు వచ్చి పడతాయి. అందులో సగం, "వ్యాక్సేంటి బాస్, నేను కారు కొన్నప్పుడే డీలర్ దగ్గర లైఫ్‌టైమ్ ప్రొటెక్షన్ తీసేసుకున్నా, ఇక నిశ్చింత" అనే బాపతు. పావు వంతు, "ఈ కాలం కార్లకి అవేమీ అక్కర్లేదు" అనే బాపతు. మిగతావి యూట్యూబు లంకెలు.

ఆ "ఇక నిశ్చింత" అనే మాట చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఈ టపా.

నేను చెప్పదలుచుకున్నది మొదటే చెప్పేస్తాను, తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. కారుకి చలికాలపు రక్షణ అనేది ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునే సరుకు కాదు. ఏటా మన చేత్తో చేసుకోవాల్సిన పని. పైన రంగుకి పాతిక ముప్ఫై డాలర్ల గట్టి మైనం డబ్బా ఒకటి చాలు. మిగతా డబ్బూ, ధ్యాసా కారు కిందికి పోవాలి. ఎందుకంటే ఉప్పు తినేది ముందు అక్కడే. డీలర్ అమ్మే వెయ్యి డాలర్ల ప్యాకేజీ ఆ కింది భాగాన్ని వేలితో కూడా ముట్టుకోదు.

ఇక వివరంగా.

ఉప్పు సంగతి

అమెరికాలో రోడ్ల మీద ఏటా చల్లే ఉప్పు దాదాపు 2 కోట్ల టన్నులు. మా ఊరి సంగతి ఇంకా విడ్డూరం. డెట్రాయిట్ నగరం కిందే, సుమారు 1200 అడుగుల లోతున, పెద్ద ఉప్పు గని ఉంది. అంటే మన కాళ్ల కింది ఉప్పునే తవ్వి తీసి, మన కార్ల కింద పోస్తున్నారన్నమాట :)

మామూలు రాతి ఉప్పు 15 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా బాగా పనిచేస్తుంది. అంతకంటే చలి పెరిగితే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కలుపుతారు. మంచు పడకముందే ఉప్పు నీళ్లు రోడ్డు మీద చారలు చారలుగా పోసి వెళ్లడం మీరూ చూసే ఉంటారు. ఈ కాల్షియం క్లోరైడ్‌తో వచ్చిన చిక్కేమిటంటే అది గాలిలోని తేమని లాక్కుంటుంది. కారు పొడిగా ఉందని మనం అనుకుంటాం. చక్రాల గూళ్లలో, అతుకుల మధ్యలో అది మాత్రం చెమ్మగానే కూర్చుని ఉంటుంది.

ఇంకో సంగతి. ఉప్పు పట్టిన కారుని వెచ్చటి గరాజులో పెడితే మంచిదనుకుంటాం. నిజానికి బయట గడ్డకట్టే చలిలో తుప్పు నెమ్మదిగా పడుతుంది. వెచ్చటి గరాజులో మంచు కరిగి, ఉప్పు నీరై, రసాయన చర్య జోరందుకుంటుంది. కడగకుండా లోపల పెట్టడం కంటే బయట వదిలేయడమే నయం.

ఇదంతా మనకి తెలియని శాస్త్రం కాదు. మన అమ్మమ్మలు ఆవకాయని ఇనప డబ్బాలో ఎప్పుడైనా పెట్టారా? జాడీలోనే పెట్టారు. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్ల గ్రిల్లులూ గేట్లూ చూసినవాళ్లకి ఉప్పు గాలి ఇనుముని ఏం చేస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ ఉన్నది గాలిలోని ఉప్పు. ఇక్కడ నవంబరు నుంచి మార్చి దాకా మనం సాక్షాత్తూ ఉప్పు నీళ్లలో కారు నడుపుతున్నాం.

మైనం ఏం చేస్తుంది, ఏం చేయదు

కారు రేకు మీద వరసగా జింకు పూత, విద్యుత్తుతో అంటించే తుప్పు నిరోధక పూత, ప్రైమరు, రంగు, వాటన్నిటి పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందానికి ఒకటిన్నర, రెండింతలు అనుకోండి. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. దాని మీద మనం రాసే మైనం ఒక మైక్రాను కూడా ఉండదు.

కాబట్టి మైనం అనేది కవచం కాదు. రాయి తగిలితే ఆపదు. తాళంచెవితో గీస్తే ఆపదు. రంగు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం తుప్పుని ఆపుతున్నది ఆ కింది పూతలే, మైనం కాదు. మరెందుకూ అంటే, రెండు పనులకి. ఒకటి, ఉప్పూ, రోడ్డు మీది నల్లటి జిడ్డూ రంగుని గట్టిగా పట్టుకోకుండా చూడటం. అప్పుడు నీళ్ల ధారకే సగం మురికి పోతుంది, గుడ్డతో రుద్దాల్సిన పని తగ్గుతుంది. చలికాలంలో రంగు పాడయ్యేది ఎక్కువగా ఈ రుద్దడం వల్లే. ఉప్పు రవ్వలూ ఇసుకా ఉండగానే గుడ్డ పెట్టి తోమితే అది ఉప్పు కాగితంతో రుద్దినట్టే లెక్క. రెండు, రసాయనాలు క్లియర్ కోట్ మీద పనిచేసేలోపు తాను ముందు అరిగిపోవడం. అరగడమే దాని ఉద్యోగం. అరిగిపోయే వస్తువుకి "లైఫ్‌టైమ్" అని పేరు పెట్టి అమ్మేవాడిని ఏమనాలి?

ఫైనాన్స్ గదిలో ఆడే నాటకం

కారు బేరం అయిపోయాక, చివర్లో ఒక చిన్న గదిలోకి తీసుకెళతారు. అప్పటికి నాలుగ్గంటలు అయి ఉంటుంది. పిల్లలు ఏడుస్తుంటారు, ఆవిడ గడియారం చూస్తుంటుంది. అక్కడ ఉన్నాయన చల్లగా, "మీ ఏరియాలో ఉప్పు ఎక్కువ కదండీ, నెలకి ఇరవై డాలర్లే" అంటాడు. మనం సంతకం పెట్టేస్తాం.

లెక్క వేద్దాం. ప్యాకేజీ 1200 డాలర్లు, అప్పు 72 నెలలు, వడ్డీ 7 శాతం అనుకోండి. నెలకి 20 డాలర్ల 46 సెంట్లు వస్తుంది, ఆయన అబద్ధం చెప్పలేదు. ఆరేళ్లలో కట్టేది మాత్రం సుమారు 1473 డాలర్లు. ఆ డబ్బుతో నేను చెప్పే మైనం డబ్బాలు యాభై దాకా వస్తాయి. ఒక్క డబ్బా ఒక కారుకి నాలుగైదేళ్లు వస్తుంది. మీ మనవళ్ల కార్లకి కూడా మిగులుతుంది.

సరే, డబ్బు పోతే పోయింది, వారంటీ ఉంది కదా అంటారా? మా టీములో ఒకతను పోయినేడాది కొన్న ప్యాకేజీ కాగితాలు నాకు చూపించాడు. డీలర్ ఎవరన్నది అనవసరం. ఆ కాగితాల ప్రకారం రాయి తగిలి లేచిన రంగు వర్తించదు. గీతలు వర్తించవు. రంగు లేచిన చోట మొదలైన తుప్పు వర్తించదు. ఏడాదికోసారి అదే డీలర్ దగ్గరికి వెళ్లి పరీక్ష చేయించుకుని ముద్ర వేయించుకోకపోతే మొత్తం రద్దు. మచ్చ కనపడిన 30 రోజుల్లో ఫిర్యాదు చేయాలి. ఇక వర్తించేదేమిటయ్యా అంటే పక్షి రెట్టలూ, చెట్టు జిగురూ. ఆరు నెలలు మంచు పడే ఊళ్లో!

రేకు తుప్పు పట్టి చిల్లు పడటం గురించి అయితే, ఆ హామీ కారుతోపాటు ఎలాగూ వస్తుంది. టయోటా, హోండా రెండూ ఇక్కడ అమ్మే కొత్త కార్లకి మైళ్లతో నిమిత్తం లేకుండా ఐదేళ్లు ఇస్తాయి. అది పైపై తుప్పుకి కాదు, లోపల్నుంచి చిల్లు పడితేనే. కానీ దానికి అదనంగా పైసా కట్టక్కర్లేదు. ఆ పుస్తకం మీ కారు గ్లవ్ బాక్సులోనే ఉంది. ఎవరూ తెరవరు, అంతే.

ప్రభుత్వం చూసుకుంటుందిలే అనుకునేవాళ్లకి ఒక మాట. కొనేవాడికి ఏ ఉపయోగమూ లేని ఇలాంటి అదనపు అమ్మకాల మీద ఎఫ్‌టీసీ 2023 డిసెంబరులో ఒక నిబంధన తెచ్చింది. అది అమల్లోకి రాకముందే, డీలర్ల సంఘాలు కోర్టుకి వెళితే, 2025 జనవరిలో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. కాబట్టి ఆ చిన్న గదిలో మనకి మనమే దిక్కు.

నాకు అర్థం కానిది ఇదీ. మనం పొద్దున్న లేస్తే చేసే పనేమిటి? ఎవడైనా వెండర్ వచ్చి "మా సరుకు ఒకసారి పెట్టుకుంటే జీవితాంతం డౌన్‌టైమ్ ఉండదు" అంటే మీటింగులోనే నవ్వుతాం. ఎస్‌ఎల్‌ఏ చూపించమంటాం, మినహాయింపులు చదువుతాం, పీఓసీ చేసి చూపించమంటాం. అంత తెలివి ఉన్నవాళ్లం, సొంత డబ్బు దగ్గరికొచ్చేసరికి చదవకుండా ఎనిమిది చోట్ల సంతకం పెట్టి వస్తాం. కంపెనీ డబ్బుకున్న విలువ మన డబ్బుకి లేదా?

తొమ్మిది హెచ్ మాయ

ఇప్పుడు కొత్త మంత్రం సిరామిక్. "9హెచ్ గట్టిదనం" అని పెద్ద అక్షరాలతో రాస్తారు. వజ్రం పది, ఇది తొమ్మిది అన్నట్టు మనకి తోచేలా. ఆ తొమ్మిది మోస్ స్కేలు మీది తొమ్మిది కాదండీ. అది పెన్సిళ్ల గట్టిదనం. చిన్నప్పుడు డ్రాయింగు క్లాసులో హెచ్‌బీ, 2హెచ్ అని కొన్నామే, ఆ వరసే. 9హెచ్ పెన్సిలుతో గీస్తే గీత పడలేదని దాని అర్థం. పెన్సిలుకి లొంగని పూత ఇసుకకి లొంగదని ఎవరూ హామీ ఇవ్వలేదు.

న్యాయంగా చెప్పాలంటే సిరామిక్ పూత దొంగ సరుకేమీ కాదు. రసాయనాలకి మైనం కంటే బాగా తట్టుకుంటుంది, ఎక్కువ కాలం ఉంటుంది. తెలిసినవాడు రంగుని ముందు సరిచేసి, రోజంతా కూర్చుని వేస్తే బాగుంటుంది. అంత డబ్బు పెట్టే సరదా ఉంటే అలాంటివాడిని వెతుక్కుని వేయించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నా గొడవల్లా డీలర్ వెనక షెడ్డులో, కారు అప్పగించే అరగంట ముందు, ఏం రాశారో తెలియని ద్రవం రాసి దాని పేరు సిరామిక్ అనడంతో. పైగా సిరామిక్ వేసినా కారు కడగాల్సిందే. కడగకపోతే దాని మీద కూడా మురికి పేరుకుపోతుంది. ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

లీజు బాబులూ, ముత్యాల బాబులూ

"లీజు కారే కదా, మూడేళ్లకి ఇచ్చేస్తాం" అనేవాళ్లున్నారు. లెక్క ప్రకారం తప్పు లేదు. మీరు ప్యాకేజీ కూడా కొనకుండా ఉంటే మీరే గెలిచారు. కానీ లీజు కారుకి ప్యాకేజీ కొన్నవాళ్లని నేను స్వయంగా ముగ్గురిని చూశాను. మూడేళ్ల కారుకి లైఫ్‌టైమ్ ప్రొటెక్షన్! ఎవరి లైఫ్‌టైమో ఆ దేవుడికే తెలియాలి.

ఇంకో వర్గం ముత్యాల బాబులు. బానెట్ మీద నీటి బొట్లు ముత్యాల్లా నిలిస్తే చాలు, రక్షణ అద్భుతం అని ఫోటోలు పెడతారు. నీళ్లు పూసలు కట్టడం పైపొర స్వభావం చెబుతుంది, అంతే. ఐదు డాలర్ల స్ప్రే కొట్టినా రెండు వారాలు ముత్యాలు వస్తాయి. మంచి మైనం ఉన్నా పైన మురికి పొర పడితే ముత్యాలు రావు, కడగగానే మళ్లీ వస్తాయి. డ్యాష్‌బోర్డు మీద పచ్చ లైటు వెలిగినంత మాత్రాన సర్వరు బాగున్నట్టు కాదని మనకి వేరే చెప్పాలా?

అయితే ఏది కొనాలి?

మెరుపు కోసం అమ్మే మైనాలు వేరు, మన్నిక కోసం అమ్మేవి వేరు. కార్నబా అనేది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మైనం. ఎండాకాలం ప్రదర్శనలకి దాని నిగారింపు దివ్యంగా ఉంటుంది. కానీ మెరుపు కోసం చేసిన మెత్తటి కార్నబా మైనాలు ఉప్పు రోడ్ల మీద మూన్నాళ్ల ముచ్చటే. చలికాలానికి కావలసింది సింథటిక్ పాలిమర్లు కలిసిన గట్టి మైనం గానీ, సీలెంటు గానీ.

నా అనుభవంలో పనికొచ్చినవి మూడు. కొలినైట్ 476ఎస్, ఇది గట్టి ముద్దలా ఉంటుంది. న్యూయార్కు రాష్ట్రం యూటికాలో తయారవుతుంది, అక్కడి మంచు మనకంటే తక్కువేమీ కాదు. అదే కంపెనీది 845, ద్రవంలా ఉంటుంది, రాయడం సులువు, మన్నిక కొంచెం తక్కువ. మూడోది జపాన్ వాళ్ల సాఫ్ట్99 ఫుస్సో కోట్. డబ్బా మీద 12 నెలలు అని ఉంటుంది. నేను ఏ డబ్బా మీది మాటా నమ్మను. నవంబరులో రాస్తే ఏప్రిల్ దాకా నిలబడిందా లేదా అన్నదే నా పరీక్ష. ఈ మూడూ నిలబడ్డాయి. వీళ్లెవరూ నాకు డబ్బులివ్వలేదు, ఇస్తామన్నా ఈ టపా చూశాక ఇవ్వరు.

ఏ డబ్బా అన్నదాని కంటే ఎలా రాశారన్నది ముఖ్యం. గోడకి సున్నం వేసే ముందు పాత పెచ్చులు గీకుతాం కదా, అదే సూత్రం.

1. బయట 50 డిగ్రీల పైన ఉన్న రోజు చూసుకోండి. ఇక్కడైతే అక్టోబరు మొదటి, రెండో వారాలు. థాంక్స్‌గివింగ్ సెలవులకి చేద్దాంలే అనుకుంటే చేతులు కొంకర్లు పోతాయి, మైనమూ అంటదు.

2. కారు శుభ్రంగా కడగండి. తర్వాత ఒక పల్చటి ప్లాస్టిక్ సంచి చేతికి తొడుక్కుని రంగు మీద నిమరండి. గరుకుగా తగిలితే రంగులో రేణువులు దిగబడి ఉన్నాయని అర్థం. ఇనుప రేణువులు కరిగించే ద్రవం చల్లితే ఊదా రంగుకి తిరిగి కారిపోతుంది. మిగిలినవి క్లే బారుతో, బాగా తడి చేసి, తేలిగ్గా తీయాలి.

3. పది, పదిహేను శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో ఒకసారి తుడవండి. పాత జిడ్డు పోతేనే కొత్తది అంటుకుంటుంది.

4. నీడలో, ఒక్కో తలుపు చొప్పున, వీలైనంత పల్చగా రాయండి. ఎక్కువ రాస్తే ఎక్కువ రక్షణ అనుకోవద్దు. 476ఎస్ మందంగా రాసి పూర్తిగా ఎండనిచ్చారా, తీయడానికి భుజాలు పడిపోతాయి. నల్లటి ప్లాస్టిక్ మీద పడనీయకండి, తెల్లమచ్చలు పడతాయి.

5. మర్నాడు రెండో పూత. మందం కోసం కాదు, మొదటిసారి తప్పిపోయిన చోట్ల కోసం. తలుపుల కింది అంచులు, చక్రాల వెనక భాగం, డిక్కీ కింది వైపు మర్చిపోవద్దు. ఉప్పు ఎక్కువ కొట్టేది అక్కడే. చక్రాలకి కూడా రాయండి.

6. రాయి తగిలి రంగు లేచిన చుక్కలుంటే ఇదంతా మొదలుపెట్టే ముందే టచప్ పెయింటు పెట్టండి. తుప్పుకి అది తలుపు తీసిపెట్టినట్టే.

మొత్తం ఒక శనివారం, ఒక ఆదివారం పొద్దున. సామాన్లన్నీ కలిపి మొదటి ఏడాది వంద డాలర్ల లోపు, తర్వాతి ఏళ్లలో దాదాపు ఏమీ ఉండదు.

రాసి వదిలేస్తే?

వదిలేస్తే దండగ. మంచు తుపాను పోయాక, ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటిన మొదటి మధ్యాహ్నం కారు కడగాలి. పది రోజులకోసారి, మరీ కుదరకపోతే రెండు వారాలకోసారి. బ్రష్షులు తిరిగే చోటికి వెళ్లకండి, ముందు వెళ్లిన ట్రక్కుల ఇసుక అంతా ఆ బ్రష్షుల్లోనే ఉంటుంది. తాకకుండా కడిగే చోటికి వెళ్లండి. చేత్తో తోమే పని లేదు కాబట్టి అక్కడ ఘాటైన రసాయనాలు వాడతారు, అవి మైనాన్ని కొంచెం కొంచెంగా తింటాయి. తిననివ్వండి, అరగడమే దాని ఉద్యోగం అన్నాను కదా. కారు కింద నీళ్లు చిమ్మే సదుపాయం ఉన్న రకం తీసుకోండి. పైన రంగురంగుల నురగకి కాదు, ఆ కింది నీళ్లకి డబ్బు కట్టండి. కడిగాక తలుపుల రబ్బర్లు తుడవకపోతే పొద్దున్నే తలుపు రాదు.

గరాజు ఉన్నవాళ్లకి ఇంకో దారి. ఆప్టిమమ్ నో రిన్స్ లాంటి ద్రవం రెండు గ్యాలన్ల నీళ్లలో ఒక ఔన్సు కలిపితే మళ్లీ నీళ్లు పోయకుండా గుడ్డతోనే కడిగేయొచ్చు. కాకపోతే ఉప్పు గడ్డలు ఉన్నప్పుడు మాత్రం ముందు బయట నీళ్ల ధారతో వాటిని కొట్టించి రండి.

ఇంకొకటి. కారు మీది మంచుని ఇల్లు ఊడ్చే చీపురుతోనో, పారతోనో తోసేసేవాళ్లని మా అపార్ట్‌మెంట్లలో ఏటా చూస్తాను. వెయ్యి డాలర్ల ప్యాకేజీ ఉన్న కారే అది! పది డాలర్ల ఫోము బ్రష్షు కొనుక్కోండి మహాప్రభో.

ఇక అసలు సంగతి, కింద

ఇందాకటి నుంచి పైన రంగు గురించే మాట్లాడాను. రంగు పోతే కారు అందం పోతుంది, అమ్మేటప్పుడు నాలుగు డాలర్లు పోతాయి. కింద పోతే మనిషి పోతాడు.

బ్రేకు ద్రవం వెళ్లే ఉక్కు గొట్టాలు కారు కింద ఉంటాయి. అవి తుప్పు పట్టి పగిలితే పెడల్ నేలకి దిగిపోతుంది. ఇది నేను బెదిరించడానికి చెప్పేది కాదు. అమెరికా రహదారి భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, సుమారు 50 లక్షల పాత జీఎం ట్రక్కులూ ఎస్‌యూవీల బ్రేకు గొట్టాల తుప్పు మీద ఏళ్ల తరబడి విచారణ చేసి, 2015 ఏప్రిల్‌లో రీకాల్ లేకుండానే ముగించింది. ఉప్పు రాష్ట్రాల్లో పాతబడిన బళ్లకి ఇది అరుగుదల కింద లెక్క అని తేల్చి, బండి కింది భాగం కడుక్కోండి, గొట్టాలు పరీక్ష చేయించుకోండి అని ప్రజలకి సలహా ఇచ్చింది. అంటే ఏమిటి? బాధ్యత మీదే అని. టకోమా, టండ్రా, సెకోయా బళ్ల చట్రాలు తుప్పు పట్టిన కేసులో టయోటా 2016లో 340 కోట్ల డాలర్ల దాకా అయ్యే రాజీకి ఒప్పుకుంది. ఆ చట్రాల్లో ఒక్కటి కూడా బానెట్ మీది మైనం తక్కువై తుప్పు పట్టలేదు.

కొత్త కారు వాళ్లకి ఇది ఇవాళ్టి సమస్య కాదు. నా బెంగ వేరేవాళ్ల గురించి. ఎమ్మెస్‌కి వచ్చి, మూడు నాలుగు వేల డాలర్లకి పన్నెండేళ్ల నాటి కారు కొనుక్కుని, నలుగురు కలిసి రాత్రి పూట హైవే మీద వెళ్లే మన పిల్లలు. ఆ కారు ఎవరిది? ఒకప్పుడు మనలాంటి వాడెవడో పైన మెరుగు పెట్టి, కింద ఏనాడూ కడగకుండా, "కండిషన్ సూపర్ తమ్ముడూ" అని గ్రూపులో పెట్టి అమ్మిందే. మేడిపండు బేరం. ఫోటోల్లో రంగు మిలమిలలాడుతుంది. కిందికి వంగి చూసే అలవాటు కొనే పిల్లాడికి లేదు, చూపించే మర్యాద అమ్మే అన్నకి లేదు.

కాబట్టి డబ్బు పెట్టదలిస్తే ఇక్కడ పెట్టండి. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ ఆధారంగా చేసిన ఫ్లూయిడ్ ఫిల్మ్ లాంటి పూతలున్నాయి, ఏటా చలికాలం ముందు కింద కొట్టించుకోవాలి. ప్యాకేజీ ఖరీదులో చిన్న వంతు అవుతుంది, సొంతంగా డబ్బాలు కొని కొట్టుకుంటే ఇంకా తక్కువ. జిగటగా ఉండి అతుకుల్లోకి పాకుతుంది. తారులా గట్టిపడే నల్లటి రబ్బరు పూతలు వేరు. అవి బీటలు వారితే లోపలికి చేరిన ఉప్పు నీళ్లు బయటికి రావు, పైకి నల్లగా బాగానే కనిపిస్తుంది. ఏది కొట్టించినా నీళ్లు కారడానికి కంపెనీ పెట్టిన రంధ్రాలు మూసేయకుండా చూసుకోండి. ఆయిల్ మార్చేటప్పుడు మెకానిక్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "బ్రేకు గొట్టాలు ఎలా ఉన్నాయి, ఫోటో తీసి చూపిస్తావా?" చూపిస్తాడు, డబ్బులేమీ అడగడు.

చివరగా ఒక నిష్ఠూరం

ఈ మాటలు చెబితే చాలామంది అనేది ఒకటే: "మన గంటకి రేటు ఎంత, మనం కూర్చుని కారు తోమడమేంటి?" గంటకి అంత సంపాదించేవాళ్లం శనివారం సాయంత్రం మూడు గంటలు ఎవరో ఆడిన ఆట మీద గ్రూపులో కొట్టుకుంటాం, దానికి రేటు కట్టం. అసలు సంగతి రేటు కాదు. చేత్తో చేసే పని మనది కాదనే భావం మనతోపాటే విమానం ఎక్కి వచ్చింది. ఆ భావం ఉన్నంతకాలం చిన్న గదిలో కూర్చున్నాయనకి మనం బంగారు బాతులమే.

కారు చుట్టూ రెండు గంటలు మోకాళ్ల మీద తిరిగినవాడికి ఎక్కడ రంగు లేచింది, ఎక్కడ తుప్పు మొదలైంది, ఏ టైరు అరిగింది అన్నీ కంటపడతాయి. ఆ చూపు ఏ ప్యాకేజీలోనూ రాదు. మైనం కంటే ఎక్కువ రక్షణ ఇచ్చేది నిజానికి అదే.

ప్యాకేజీ ఇప్పటికే కొన్నవాళ్లు కాగితాలు తీసి చదవండి. చాలావాటిని మధ్యలో రద్దు చేసుకుని మిగిలిన కాలానికి డబ్బు వెనక్కి అడిగే వీలుంటుంది, మీదానిలో ఉందో లేదో చూసుకోండి. కొననివాళ్లు ఈసారి ఆ గదిలో "వద్దండీ" అని ఒక్క మాట అనండి. రెండోసారి అడుగుతాడు, మూడోసారి కూడా అడుగుతాడు. మూడుసార్లూ వద్దనండి.

ఆ తర్వాత ఎండ ఉన్న శనివారం ఒకటి చూసుకుని, మైనం డబ్బా కంటే ముందు ఒక టార్చి లైటు పట్టుకుని కారు కిందికి వంగి చూడండి. ఏం కనపడిందో దాన్ని బట్టి మిగతా పని మొదలుపెట్టండి.